రెండో సీడీ

తిరువూరు బోసుబొమ్మ సెంటర్లో ఒకప్పుడు రెండు పార్టీలుండేవి. ఎన్నికల పార్టీలు కావు, వాటి లెక్క వేరు. నేను చెప్పేది ఒకటో ఐజీఐ పార్టీ, రెండో ఐజీఐ పార్టీ గురించి. మా బావది రెండో పార్టీ, నాది ఒకటో పార్టీ. ఆ ఏడు మేమిద్దరం ఇంటర్ మొదటి సంవత్సరం. చదువెంత సాగిందో మార్కుల లిస్టును అడగాలి గానీ, ఈ వాదన మాత్రం ఒక వేసవంతా సాగింది. సైకిల్ స్టాండేసి, చెరకురసం గ్లాసు చేత్తో పట్టుకుని వాడు అడిగేవాడు: "రెండోదాంట్లో ఏం లేదో చెప్పరా చూద్దాం." నేను అనేవాణ్ణి: "అన్నీ ఉన్నాయి. అదే దాని రోగం."

ఆ మాట ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. వాదనలో నోటికొచ్చింది, అనేశాను. ఇరవయ్యేళ్ల తరవాత, మా అక్క కొడుకు పుణ్యమా అని, మొన్న వేసవి సెలవుల్లో దాని అర్థం కొంచెం బోధపడింది.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఐజీఐ అంటే 'అయామ్ గోయింగ్ ఇన్', నేను లోపలికి పోతున్నా అని. డేవిడ్ జోన్స్ అని ఒకడు, బ్రిటిష్ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, ఒంటరిగా శత్రువుల స్థావరంలో దూరి పని ముగించుకుని బయటపడాలి. అంతే కథ. ఆయుధాల వ్యాపారి ఒకణ్ణి పట్టుకోవడం, అణుబాంబు ఒకటి వెతకడం లాంటివి ఉన్నాయి గానీ, ఇంగ్లీషు మాటలు మాకు సగం అందేవి కావు, అందకపోయినా నష్టం లేదు. నార్వే దేశం ఓస్లోలో ఇన్నర్‌లూప్ స్టూడియోస్ అనే చిన్న కంపెనీ దీన్ని తయారుచేస్తే, 2000 డిసెంబరులో ఐడోస్ వాళ్లు అమ్మకానికి తెచ్చారు. మా ఊళ్లోకి అమ్మకం దారిన రాలేదు. విజయవాడలో కాపీ కొట్టిన సీడీ, పైన మార్కర్ పెన్నుతో 'ఐజీఐ' అన్న మూడక్షరాలు, పల్చటి ప్లాస్టిక్ కవరు. గేమ్ షాపన్న దాన్ని చొక్కా లోపల పెట్టుకుని మైలవరం మీదుగా బస్సులో తెచ్చాడు. కొండపల్లి బొమ్మలు అమ్మే రోడ్డునే పట్టుకుని నార్వే బొమ్మ మా ఊరొచ్చింది.

షాపంటే ఒక గది. నాలుగు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, ఒక యూపీఎస్. యూపీఎస్ ఉండేది గానీ దాంట్లో బ్యాటరీ పనిచేసేది కాదు. గంటకు పదిహేను రూపాయలు. మాలో ఎవరి జేబులోనూ గంటకు సరిపడా ఉండేది కాదు కాబట్టి అన్న అరగంటలు కూడా అమ్మేవాడు, మరీ బతిమాలితే పావుగంటలు.

ఇక్కడే ఒకటో ఐజీఐ అసలు గుణం చెప్పాలి. అందులో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే సదుపాయం లేదు. కొండ మీంచి దిగి, కంచె దాటి, కెమెరాలు ఆపే గదిలోకి దూరి, పాతికమందిని చంపి, ఇక హెలికాప్టర్ దగ్గరికి పరుగెత్తడమే తరువాయి అనుకున్నప్పుడు, వాచ్‌టవర్ మీద మర్చిపోయినవాడొకడు కాల్చాడంటే మళ్లీ కొండ మీదే. మొదటి నుంచి. చేతిలో మ్యాప్ కంప్యూటర్ ఒకటుంటుంది. ఆకాశంలోంచి చూసినట్టు స్థావరమంతా కనబడుతుంది. దాన్ని చూస్తున్నంత సేపూ ఆట ఆగదు. పైనుంచి లోకమంతా చూస్తూ ఉంటే కింద వెనకనించి ఎవడో వచ్చి పని పూర్తిచేస్తాడు. సైరన్ మోగిందంటే బ్యారక్‌లోంచి చీమల్లా వస్తూనే ఉంటారు.

వీటన్నిటి పైన మా కరెంటు. మే నెల మధ్యాహ్నం, బయట రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే ఎండ. లోపల ఒకడు ముప్పై నిమిషాలుగా చావకుండా ఆడుతున్నాడు. కుర్చీ వెనక పదిమందిమి. ఎవరూ మాట్లాడటం లేదు. ఒకడి చెయ్యి ఆడేవాడి భుజం మీద ఉంది, తీయడం మర్చిపోయాడు. స్క్రీన్ మీద జోన్స్ నిచ్చెన ఎక్కుతున్నాడు. టప్. ఫ్యాను ముందు ఆగిందా, స్క్రీన్ ముందు ఆరిందా అని చెప్పలేం. చీకట్లో పదిమంది ఒక్కసారి "అబ్బా" అన్న చప్పుడు. ఆడినవాడొక్కడే ఏమీ అనలేదు. కాసేపు చేతులు కీబోర్డు మీద అలాగే ఉంచుకుని, తరవాత అన్నను అడిగాడు: "కరెంటు వచ్చాక మిగిలిన పది నిమిషాలు ఇస్తావా?" అన్న ఇచ్చాడు. కానీ పది నిమిషాల్లో ఆ మిషన్ అయ్యేది కాదని అందరికీ తెలుసు. అందుకే వాడు లేచి, ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు.

అలా కూర్చోబెట్టడం మాకు అలవాటు. ఒకడి డబ్బు అయిపోయిన చోట ఇంకొకడి డబ్బు మొదలయ్యేది. మొత్తం పద్నాలుగు మిషన్లు. గోడ పక్క రెండో సిస్టంలో ఒకే పేరు మీద నడిచేవి. అది ఎవడి పేరో నాకు ఇప్పటికీ తెలియదు. ముందు వచ్చినవాడెవడో పెట్టి పోయాడు, మేమంతా ఆ పేరు మీదే ఆడాం. ఐదో మిషన్ దాటించింది ఒకడు, ఆరోది దాటించింది ఇంకొకడు. చివరి మిషన్ దాటించినవాడు మా కాలేజీ కూడా కాదు, కల్లూరు నుంచి చుట్టాలింటికి వచ్చినవాడు. వాడికి చెరకురసం మేమే ఇప్పించాం.

ఇంకొకడుండేవాడు. నెమ్మదస్తుడు. వాడి అరగంట వచ్చిందంటే మిగతావాళ్లకు విసుగు. స్థావరం వైపు పోడు. వెనక్కి తిరిగి కొండల్లోకి నడిచేవాడు. అటు ఏమీ లేదు. శత్రువు లేడు, తుపాకి లేదు, పని లేదు. కొన్ని మిషన్లలో నేలంతా మంచు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో పదిహేను కిలోమీటర్లు బస్సులో వచ్చి, డబ్బు కట్టి, వాడు మంచులో నడిచి వెళ్లేవాడు. "ఏముందిరా అక్కడ?" అంటే "ఇంకా వస్తోంది" అనేవాడు. నేల ఇంకా వస్తోందని వాడి ఉద్దేశం. ఎందుకు అంత నేల వచ్చిందో చాలా ఏళ్ల తరవాత చదివాను. ఇన్నర్‌లూప్ వాళ్లు అంతకుముందు జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అని యుద్ధవిమానం ఆట ఒకటి చేశారు. దానికి రాసుకున్న ఇంజిన్ మీదే ఐజీఐ కట్టారు. విమానం తిరగడానికి పరిచిన నేల, కాలినడకన పోయే మనిషికి దక్కింది. తిరువూరు కుర్రాడికి దక్కింది.

రెండో ఐజీఐ 2003 మార్చిలో వచ్చింది. మా ఊరికి ఇంకో ఏడాది పట్టింది. తయారుచేసింది ఆ ఓస్లో వాళ్లే, అమ్మింది మాత్రం ఈసారి కోడ్‌మాస్టర్స్ వాళ్లు. మొదటిదాని మీద విమర్శకులు గట్టిగా చెప్పిన తప్పులు ప్రధానంగా రెండు. మిషన్ మధ్యలో సేవ్ లేదు, నలుగురు కలిసి ఆడటానికి మల్టీప్లేయర్ లేదు. వాళ్లు విన్నారు. సేవ్ పెట్టారు, అదీ ఎడాపెడా కాదు, మిషన్‌కు ఇన్నిసార్లే అని లెక్కపెట్టి పెట్టారు. మల్టీప్లేయర్ పెట్టారు. రష్యాతో ఆగకుండా లిబియా, చైనా తిప్పారు. మిషన్లు పంతొమ్మిది. తుపాకులు ఎక్కువ, బొమ్మ నునుపు.

మా షాపులో ఆ నునుపు మోయడానికి పాత కంప్యూటర్లు ఆపసోపాలు పడ్డాయి. జోన్స్ నీళ్లలో నడుస్తున్నట్టు నడిచేవాడు. అన్న అప్పు చేసి రెండు సిస్టమ్‌లకు గ్రాఫిక్స్ కార్డులు వేయించాడు. నలుగురు కలిసి ఆడేలా నాలుగింటినీ కలుపుతూ వైరు లాగాడు. మా బావ ఆ వైరు చూసి మతం మార్చుకున్నాడు.

వాడి వాదన తీసిపారేయదగ్గది కాదు. "ఒకటోదాంట్లో నువ్వు ఆడితే నేను చూడాలి, నేను ఆడితే నువ్వు చూడాలి. రెండోదాంట్లో ఇద్దరం ఆడతాం. ఏది ఎక్కువరా?" దీనికి నా దగ్గర సమాధానం లేదు. కానీ షాపులో ఒక మార్పు కళ్లకు కనిపించింది. అంతకుముందు ఒక స్క్రీన్ వైపు పదిమందిమి అరిచేవాళ్లం. ఇప్పుడు నాలుగు స్క్రీన్ల ముందు నలుగురు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. అరుపులు తగ్గలేదు, వాటి దిక్కు మారింది. ఇక మిషన్లు ఆడేవాడి వెనక నిలబడేవాడే లేడు. ఎందుకు నిలబడతాడు? చస్తే రెండు నిమిషాల వెనక్కి పోతాడు, అంతేగా. వాడి చావు మనకేమీ బాధ కాదు.

నెమ్మదస్తుడు రెండోది రెండుసార్లు ఆడి మానేశాడు. అడిగితే, "ఎటు పోయినా పనే ఉందిరా" అన్నాడు.

ఏది ముందుదో, ఏది తరవాతదో అనే లెక్క కూడా అనుకున్నంత సూటి కాదు. ఆ రోజుల్లో మేం వెర్రిగా ఆడిన వైస్ సిటీ 2002లో వచ్చింది. అంతకుముందు ఏడాదే గ్రాండ్ థెఫ్ట్ ఆటో మూడోది వచ్చిందని, వైస్ సిటీ దాని తరవాత వచ్చిన తమ్ముడని మాకెవరికీ తెలియదు. మాకు అదే మూలపురుషుడు. రోడ్ రాష్ కూడా అంతే. 1991లో సెగా యంత్రం మీద టీవీ ఆటగా మొదలైన బళ్లపందెం అది, కంప్యూటర్ మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. మేం మాత్రం అదే మొదటిదనుకుని గొలుసుతో కొట్టుకున్నాం. మొదటిదంటే ముందు పుట్టింది కాదు, ముందు మన చేతికి చిక్కింది. అలాంటప్పుడు ఒకటో ఐజీఐ మీద నాకున్న ప్రేమలో ఆటకు దక్కాల్సింది ఎంత, పదహారేళ్లకు దక్కాల్సింది ఎంత? ఈ అనుమానం నన్ను చాలాకాలం తొలిచింది. తీర్చుకునే అవకాశం మొన్న వచ్చింది.

మా అక్క కొడుక్కి పన్నెండేళ్లు. సెలవులకు వచ్చాడు. నేను రెండు ఆటలూ డబ్బు పెట్టి కొని ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. ఇరవయ్యేళ్ల కింద చేయాల్సిన పని అది, ఇప్పటికి చేశాను. వాడికి కావాలనే తిరగేసి ఇచ్చాను. ముందు రెండోది, తరవాత ఒకటోది. ఏది పాతదో చెప్పలేదు.

రెండోది వాడు మూడు రోజులు శుభ్రంగా ఆడాడు. "పాతదైనా బాగానే ఉంది మావయ్యా" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. రాత్రి వాడు పడుకున్నాక నేనూ ఆడాను. మొదట పరీక్షకు కూర్చున్నట్టు కూర్చుని, తరవాత నిజంగానే ఆడాను. ఒప్పుకోక తప్పదు, రెండోదే గట్టి కట్టడం. గార్డులకు కాస్త బుర్ర ఉంది. మొదటిదాంట్లో పక్కన శవం పడినా ఒక్కోసారి పట్టించుకోని వాడే, ఇంకోసారి ఎక్కడో దూరం నుంచి ఎలా చూశాడో తెలియకుండా కాలుస్తాడు. చంపినవాళ్లకు బదులు బ్యారక్‌లోంచి కొత్తవాళ్లు పుట్టుకురావడం కష్టం కాదు, మోసం. పదహారేళ్లప్పుడు దాన్ని కష్టమే అనుకున్నాం. డల్లాస్‌లో ఉన్న బావకు ఆ రాత్రే మెసేజ్ పెట్టాను: "రెండోదే బాగా కట్టార్రా." వాడి జవాబు: "ఇరవయ్యేళ్లు పట్టిందా?"

పట్టింది. అయినా నా పార్టీ మారలేదు. ఎందుకు మారలేదో చెప్పడానికి ఓస్లో కాదు, అద్దంకి పోవాలి.

మనవాళ్లకు రెండో భాగం చిక్కు కొత్తది కాదు. నన్నయ భారతాన్ని ఆది, సభాపర్వాలు ముగించి అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. రెండు శతాబ్దాల తరవాత తిక్కన ఆ మిగిలిన ముక్కను ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని, పదిహేను పర్వాలు తన గొంతుతోనే నడిపించాడు. నన్నయలా రాయాలని ప్రయత్నించలేదు. ఇక మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వ శేషం పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన చేతికి వచ్చింది. ఆయన చేసిన పని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నన్నయలా మొదలుపెట్టి, తిక్కనలోకి జారుకుంటూ ముగించాడని పెద్దలంటారు. అంతేకాదు, ఆ భాగాన్ని నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానంలో ఉన్న కవి, మూడు వందల ఏళ్ల కింద పోయిన వేరే రాజుకు! పేరు తనది కాని ప్రొఫైల్ మీద కూర్చుని మిషన్ దాటించడమంటే అదే. గోడ పక్క రెండో సిస్టం గుర్తొస్తుంది నాకు.

ఎర్రనకు ఒక సంగతి తేటగా తెలుసు. తన ముందున్నది లోటు. కథ అక్కడ తెగింది, అతకాలి. ఓస్లో వాళ్లకూ లోటే కనబడింది. సేవ్ లేదన్నారు, పెట్టారు. మల్టీప్లేయర్ లేదన్నారు, అదీ పెట్టారు. ఇంట్లో సొంత కంప్యూటర్, ఆగని కరెంటు ఉన్నవాడికి అవి నిజంగా లోట్లే, తీరాయి. కానీ ఒక కుర్చీకి పదిమందిమి ఉన్న గదిలో ఆ సేవ్ లేకపోవడమే మా అందరినీ ఒక చావుకు కట్టేసింది. ఆ ఖాళీ నేలే నెమ్మదస్తుడికి మంచు చూపించింది. ఇల్లు బాగుచేస్తూ గోడలో పగుళ్లు పూడ్చినవాడు, కిటికీని కూడా పగులే అనుకుని పూడ్చాడనుకోండి. పనితనంలో వంక పెట్టలేం. గోడ నున్నగా ఉంటుంది. గాలి మాత్రం రాదు.

అందుకే రెండో భాగం మొదటిదాని స్థాయిలో ఉందా అని ఎవరైనా అడిగితే, ఇప్పుడు నేను తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను: ఎవరి లోటు తీర్చింది? సినిమాకైనా అంతే. బాహుబలి మొదటి భాగం 2015లో ఒక ప్రశ్న దగ్గర తెగ్గొట్టారు, కట్టప్ప ఎందుకు చంపాడని. అది అందరి లోటు, మా ఊరి పాన్‌షాపు దగ్గరి నుంచి డల్లాస్ దాకా. 2017లో రెండో భాగం ఆ లోటు తీర్చింది, జనం తృప్తిపడ్డారు. ఐజీఐ మా దగ్గర ఏ ప్రశ్నా మిగల్చలేదు. మేం అడగనిదానికి జవాబు తెచ్చింది.

ఆ జవాబు చెప్పినవాళ్లూ ఎక్కువకాలం నిలవలేదు. రెండో ఐజీఐ వచ్చిన ఏడాదే, 2003లోనే, ఇన్నర్‌లూప్ మూతపడింది. 2019లో వేరే వాళ్లెవరో ఐజీఐ ఆరిజిన్స్ అని, జోన్స్ కంటే ముందుకాలం కథ తీస్తామని ప్రకటించారు. నేనూ బావా చాలాకాలం తరవాత ఒకే పార్టీలోకి వచ్చి ఎదురుచూశాం. ఆట మాత్రం చేతికి రాలేదు.

నాలుగో రోజు మేనల్లుడు ఒకటోది తెరిచాడు. వాడి లెక్కలో ఇది రెండో భాగం. పావుగంటకు పిలుపు: "మావయ్యా, దీంట్లో సేవ్ తీసేశారేంటి?"

"తీసెయ్యలేదు. పెట్టలేదు."

"చస్తే?"

"మొదటి నుంచి."

నా మొహం చూశాడు, నేను హాస్యమాడుతున్నానేమోనని. ఆడాడు, చచ్చాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ చచ్చాడు. నాలుగోసారి మౌస్ తోసేసి, "ఇది చెత్త" అని తేల్చేశాడు. నా పరీక్ష ఫలితం వచ్చేసిందనుకున్నాను. పదహారేళ్ల ప్రేమే, ఆట ఏమీ లేదు.

"నువ్వాడు చూద్దాం" అన్నాడు.

కూర్చున్నాను. వేళ్లకు గుర్తుంది. కొండ దిగాను, కంచె దాటాను. వాడు మొదట మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఫోన్‌లో ఎవరో ఆట ఆడుతుంటే ఇంకెవరో అరుస్తున్న వీడియో, ఆ గోల వినబడుతోంది. కాసేపటికి వినబడటం మానేసింది. పది నిమిషాలు గడిచాయి, ఇంకా బతికే ఉన్నాను. అప్పటికి నా కుర్చీ వెనక ఊపిరి తెలుస్తోంది. భుజం మీద ఒక చెయ్యి పడింది.

"టవర్ మీద ఇంకొకడున్నాడు మావయ్యా."

"చూశాను."

"చూళ్లేదు. ఎడమవైపు. ఎడమవైపు!"

నిజంగానే చూళ్లేదు. జోన్స్ నేలకొరిగాడు. ఇద్దరం ఒక్కసారే "అబ్బా" అన్నాం. వంటింట్లోంచి అక్క ఏమైందని అడిగింది. ఇద్దరిలో ఎవరమూ జవాబు చెప్పలేదు. స్క్రీన్ మళ్లీ కొండ మీదికి పోయింది.

వాడు నా భుజం మీద తట్టాడు. "లే మావయ్యా. ఇప్పుడు నా వంతు."